ఆటో మైకు కోసం నేను రాసిన సాక్ష్యం

ఆ రోజు గదిలో ఉన్నవాళ్లు, ఉన్న వస్తువులు:

ఒక మైకు, దానికి నల్ల స్పాంజి తొడుగు. గొంతు ప్రతిధ్వనించకుండా గోడల నిండా అతికించిన కోడిగుడ్ల అట్టలు. ఆపేసిన ఏసీ, ఎందుకంటే దాని చప్పుడు రికార్డులో పడుతుంది. నేను టైపు చేసిన ఒక పేజీ. స్టీలు గ్లాసులో గోరువెచ్చని నీళ్లు. కంప్యూటర్ ముందు నేను. తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో మా యజమాని ప్రసాదరావు గారు. మైకు ముందు మార్తమ్మ గారు. ఆవిడకు యాభై రెండేళ్లు. గుణదలలో ఒక స్కూలు హాస్టల్లో వంట చేస్తారు. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. రోజుకు రెండు మాత్రలు.

మేము ప్రచారం చేస్తున్నది షుగర్ తగ్గిస్తుందని చెప్పే ఒక మూలికల పొడికి. ఆ పొడి పాకెట్ ఒక్కటి కూడా ఆ గదిలో లేదు. ఈ సంగతి నాకు చాలా నెలల తర్వాత తట్టింది.

ఆ రోజు మేము చేసిన నలభై సెకన్ల రికార్డు వల్ల మార్తమ్మ గారి కుడి కాలు మోకాలి దాకా తీసేయాల్సిన పరిస్థితి వచ్చింది. ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ప్రకటనల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదవాలని నా కోరిక.

నేను

మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. ఉద్యోగం దొరక్క, కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం వచ్చు కాబట్టి విజయవాడలో ఒక చిన్న ప్రకటనల సంస్థలో చేరాను. తొమ్మిదేళ్లు చేసి, ముప్పై ఒకటో ఏట తప్పుకున్నాను. నాకు ఇదే రిటైర్మెంట్. శాలువా కప్పలేదు, ఫొటో తీయలేదు. ఇప్పుడు పటమటలో మా బావ షాపులో మోటార్లు రీవైండింగ్ చేస్తున్నాను. మోటారు తిరిగితే తిరిగినట్టు, కాలితే కాలినట్టు. మాటలతో దాన్ని ఒప్పించలేం.

ఆ తొమ్మిదేళ్లలో హోర్డింగులు, కరపత్రాలు, కేబుల్ టీవీ కింద పరిగెత్తే లైన్లు రాశాను. అన్నిటికంటే ఎక్కువ రాసింది ఆటో మైకులకు. ఆటో మీద రెండు స్పీకర్లు కట్టి, పెన్‌డ్రైవ్ పెట్టి, వీధి వీధీ తిప్పుతారే, ఆ మాటలు ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. మా ఆఫీసులో ఆ ఒకరు నేను.

మనిషి, గుండె, లెక్క

ప్రసాదరావు గారు ప్రకటనల గురించి ఏ పుస్తకమూ చదవలేదు. అయినా చేరిన మొదటి వారంలోనే నాకు మొత్తం విద్య మూడు ముక్కల్లో చెప్పేశారు.

"చూడు ఇంజినీరూ. జనం మూడిటికే పడతారు. చెప్పేవాడు మనోడైతే పడతారు. గుండెలో కలుక్కుమంటే పడతారు. లెక్క లాభంగా కనపడితే పడతారు. నాలుగోది లేదు. ఎవరికి ఏది పనిచేసిద్దో తెలుసుకోవడమే మన పని."

నేను దాన్ని పట్టిక చేశాను. అడ్డంగా మూడు కాలమ్‌లు: మనిషి, గుండె, లెక్క. నిలువుగా ప్రాంతాలు, వృత్తులు, వయసులు. చేరిన ఆర్నెల్లకు ఆ పట్టిక నలభై వరుసలైంది. ప్రసాదరావు గారు దాన్ని ప్రింటు తీయించి గోడకు అంటించారు.

మొదటి తప్పు మోటార్ల దగ్గర చేశాను. బోరు మోటార్లు అమ్మే ఒకాయన మైలవరం సంతలో పంచడానికి కరపత్రం అడిగారు. చదివిన చదువు చూపించే అవకాశం వచ్చిందని సంబరపడి, ఆ మోటారు ఎన్ని యూనిట్లు తక్కువ కాలుస్తుందో గ్రాఫు గీసి మరీ వేశాను. సంతలో స్టాలు దగ్గర నేనే నిలబడ్డాను. ఒక పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఈ గీతేంది బాబూ?"

"కరెంటు ఎంత తక్కువ కాలుద్దో అండి. బిల్లు బాగా తగ్గుద్ది."

"బిల్లా? మాకు కరెంటు ఫ్రీ గదయ్యా."

పక్కనున్న నలుగురూ నవ్వారు. ఆయన నవ్వలేదు. జాలిగా చూసి, "ఇది ఎవరు బిగించుకున్నారో చెప్పు. ఆళ్ల బోరు కాడికెళ్లి చూసొస్తా" అన్నారు.

ఆఫీసుకొచ్చి చెబితే ప్రసాదరావు గారికి టీ పొలమారింది. "ఫ్రీ కరెంటోడి దగ్గరికి పోయి బిల్లు తగ్గుద్దని చెప్పొచ్చావా! ఆ పట్టిక తగలెట్టు!" తగలబెట్టలేదు, దిద్దుకున్నాను. మైలవరం రైతులు వరుసలో 'లెక్క' కొట్టేసి 'మనిషి' రాశాను. తర్వాతి కరపత్రంలో పక్క ఊరి రైతు తన బోరు పక్కన నిలబడి ఉన్న ఫొటో, పేరు, పొలం ఎక్కడో వేశాం. జనం నిజంగానే వెళ్లి చూసొచ్చి కొన్నారు. ఆ ప్రకటనలో అబద్ధం లేదు. ఇప్పటికీ దాని గురించి ఎవరితోనైనా ధైర్యంగా చెప్పగలను.

నీళ్ల ఫిల్టర్ ప్రకటన గురించి అలా చెప్పలేను. "మీ పాప గ్లాసులో ఏముందో చూశారా?" అని రాశాను. మరుసటి రోజు ఒక తల్లి కంపెనీ నంబరనుకుని మా ఆఫీసుకే ఫోన్ చేసింది. "మా పాపకి నిన్న వాంతులైనయ్యండి. నీళ్ల వల్లేనా? ఏమన్నా అవుద్దా అండి?" అని ఏడుస్తోంది. డాక్టరుకు చూపించమని చెప్పి పెట్టేశాను. పెట్టేసి, పట్టికలో 'గుండె' కాలమ్‌లో టిక్కు పెట్టాను. ఆ టిక్కు పెట్టిన చెయ్యి నాదే.

దర్జీ కరీముల్లా గారు

వన్ టౌన్‌లో కరీముల్లా గారికి బట్టలు కుట్టే షాపు ఉంది. రంజాన్‌కు కరపత్రం కావాలన్నారు. కొత్త చొక్కా వేసుకున్న కొడుకు తల నిమురుతూ తండ్రి కళ్లు తుడుచుకుంటున్నట్టు బొమ్మ వేసి, కింద నాలుగు లైన్లు రాసి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చదివారు.

"ఏంటి సార్ ఇది? పండక్కి బట్టలు కుట్టించుకోమంటున్నారా, కూర్చుని ఏడవమంటున్నారా?"

"ఫీలింగ్ ఉండాలి కదా అండీ."

"ఫీలింగ్ వాళ్ల ఇంట్లో ఉంటది. నా దగ్గర నాలుగు మిషన్లున్నయ్. ఇరవయ్యో రోజా, అదే ఇరవయ్యో ఉపవాసం లోపు గుడ్డ ఇస్తే పండక్కి రెండ్రోజుల ముందు కుట్టి ఇస్తా. ఆ తర్వాత తెస్తే తీసుకోను. అది రాయండి."

"తీసుకోను అని యాడ్‌లో ఎవరైనా రాస్తారా అండీ?"

"నేను చెయ్యలేంది మీరు రాస్తే, పండగ పొద్దున షాపు ముందు మాట పడేది మీరా, నేనా?"

ఆయన చెప్పినట్టే రాశాను. బాగానే పనిచేసింది. పట్టికలో దాన్ని 'లెక్క' కింద వేసుకున్నాను. తప్పుగా వేసుకున్నాను. ప్రకటనలో అన్న మాటకు తర్వాత ఎవరు నిలబడాలి అని ఆయన అడిగారు. నా పట్టికలో ఆ కాలమ్ లేదు. పెట్టాలని కూడా తోచలేదు.

నాలుగో టేకు

షుగర్ పొడి కంపెనీ వాళ్లు మూడు రకాల ప్రచారం అడిగారు. పటమట అపార్ట్‌మెంట్ల కోసం లెక్క: పన్నెండు మూలికలు, కిందికి దిగుతున్న ఒక గ్రాఫు. ఆ గ్రాఫు పక్కన అంకెలు లేవు. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, అంకెల్లేని గ్రాఫు గీశాను. మైలవరం వైపు ఊళ్ల కోసం మనిషి: పొలం గట్టు మీద నిలబడ్డ రైతు ఫొటో. ఆ రైతు కంపెనీ ఆయన బావమరిది.

మూడోది గుణదల, ఆ చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాల కోసం. దీనికి మనిషి, గుండె రెండూ కలవాలనుకున్నాను. ఒక స్నేహితుడితో ఒకసారి ప్రార్థన మందిరానికి వెళ్లినప్పుడు అక్కడ సాక్ష్యం చెప్పడం చూశాను. ఆదివారం ఆరాధనలో ఎవరో ఒకరు లేచి నిలబడి, తమ జీవితంలో జరిగిన మేలు అందరి ముందూ చెబుతారు. జబ్బు తగ్గింది, కొడుకు తాగుడు మానేశాడు, ఇలాంటివి. ఎవరూ రుజువు అడగరు. అక్కడ నిలబడి ఎవరూ అబద్ధం చెప్పరు కాబట్టి అడగరు. ఆ నమ్మకాన్ని తెచ్చి ఆటో మైకులో పెట్టాలన్నది నా ఆలోచన. ప్రసాదరావు గారిది కాదు, కంపెనీ వాళ్లదీ కాదు.

గొంతు కోసం వెతకనవసరం లేకపోయింది. మా ఆఫీసులో టైపు పని చేసే సునీత వాళ్లమ్మే మార్తమ్మ గారు. మందిరంలో పాటలు పాడతారు. ఆవిడకు షుగర్ ఉందని నాకు తెలుసు. సగం నిజం ఉంటే గొంతులో నిజం పలుకుతుందని లెక్కేశాను.

కాగితంలో రాసింది ఇంతే: నా పేరు శాంతమ్మ, చాలా ఏళ్లు షుగర్‌తో బాధపడ్డాను, ఈ పొడి వాడాక మాత్రలు మానేశాను, ఇప్పుడు హాయిగా ఉన్నాను.

చదవగానే ఆవిడ అడిగారు. "బాబూ, నేనిది తాగలేదు గదా?"

"మీరు తాగారని కాదమ్మా. ఇది యాడ్. కాగితం చదవడమే."

"సర్లే, నీకు తెల్సుద్దిగా."

మూడు టేకులు పేపరు చదివినట్టు చదివారు. ప్రసాదరావు గారు కుర్చీలోంచి, "ఏమ్మా, రేషన్ కార్డు చదువుతున్నావా?" అన్నారు. ఆవిడ నవ్వి, "వేరే పేరు చెబుతుంటే నోరు తిరగట్లేదండీ" అన్నారు.

అప్పుడు నేను అన్న మాట ఇది. "అమ్మా, కాగితం పక్కన పెట్టండి. మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం ఎలా చెబుతారో అలా చెప్పండి."

ఆవిడ కొంగు తల మీదుగా కప్పుకున్నారు. కళ్లు మూసుకున్నారు. "అందరికీ వందనాలు. నా పేరు మార్తమ్మ" అని మొదలుపెట్టారు. వందనాలు నేను రాయలేదు. మార్తమ్మ అనీ రాయలేదు. నలభై సెకన్లు.

"ఆ పేరు ఉంచెయ్, ఆ వందనాలూ ఉంచెయ్" అన్నారు ప్రసాదరావు గారు. "ఇది పట్టుకుంటే వదలదు."

వదలలేదు. మా ఆఫీసు చరిత్రలో అంత బాగా పనిచేసిన మైకు ప్రకటన ఇంకొకటి లేదు. గుణదల కోసం చేసినదాన్ని మైలవరం, కంకిపాడు దాకా అన్ని ఆటోల్లోనూ తిప్పాం.

ఆసుపత్రి

రెండున్నర నెలల తర్వాత సునీత నాలుగు రోజులు ఆఫీసుకు రాలేదు. ఐదో రోజు ఫోన్ చేసింది. "కిరణ్ గారూ, అమ్మ కాలు తీసెయ్యాలంటున్నారు. మీరొకసారి రండి. వచ్చి చూడండి." ఆ చివరి మాట అన్న తీరుకే నాకు ఏదో అర్థమైంది.

వార్డులో మార్తమ్మ గారి కుడి పాదం కట్టులో ఉంది. కొత్త చెప్పు కరిచిందట. హాస్టల్ వంటింట్లో తడిలో నిలబడే పని. పుండు నొప్పి తెలియలేదు. చూసుకునేసరికి బొటనవేలు నల్లబడింది. షుగర్ నాలుగు వందలు దాటి ఉంది. మూడు రోజులు చూస్తామని, చీము పైకి పాకితే మోకాలి కింద తీసేయక తప్పదని డాక్టరు చెప్పారట.

సునీత సంచిలోంచి ఒక సీసా తీసి నా చేతిలో పెట్టింది. దాన్నిండా మాత్రలు. నెల నెలా ఆసుపత్రిలో ఇచ్చినవి తెచ్చుకుని, వేసుకోకుండా ఆ సీసాలో పోసి బియ్యం డబ్బా వెనక పెట్టారావిడ.

"నూట ముప్పై ఎనిమిది. లెక్కపెట్టాను" అంది సునీత. "మీకు లెక్కలిష్టం గదా."

నేను మార్తమ్మ గారి వైపు తిరిగాను. "ఎందుకమ్మా? మీకు తెలుసు కదా. అది యాడ్ అని చెప్పాను కదా మీకు."

"చెప్పావు బాబూ. రోడ్డు మీద వాళ్లకి తెలవదుగా." ఆవిడ గొంతులో కోపం లేదు. పిల్లవాడికి లెక్క విడమరిచి చెబుతున్నట్టు చెప్పారు. "మందిరంలో అందరూ పట్టుకున్నారు. మార్తమ్మా, ఆటోలో నీ సాక్ష్యం విన్నాం, మాత్రలు మానేశావంట గదా, అన్నారు. ఏం చెప్పను? కాదంటే అబద్ధ సాక్ష్యం చెప్పినట్టే గదా. వందనాలని మొదలెట్టి, సొంత పేరుతో, కళ్లు మూసుకుని చెప్పానాయె."

"అందుకని?"

"అందుకని నిజం చేశాను. కొట్టుకెళ్లి ఆ పొడి కొనుక్కుని, మాత్రలు ఆపేశాను. ఇంక అబద్ధం కాదుగా."

నా పట్టికలో నలభైకి పైగా వరుసలున్నాయి. ప్రకటన వినే ప్రతి రకం మనిషినీ రాసుకున్నాను. చెప్పే మనిషికి వరుస లేదు. ఆ మాట చెప్పినందుకు ఆ మనిషికే ఏమవుతుందో అని తొమ్మిదేళ్లలో ఒక్కసారి అనుకోలేదు. మా రికార్డు అందరికంటే ఎక్కువగా ఒప్పించింది మార్తమ్మ గారిని. ఆవిడకు అది అబద్ధమని తెలుసు. తెలిసే ఒప్పుకున్నారు.

"సాక్ష్యం చెప్పినట్టు చెప్పమన్నది నేనే" అన్నాను.

"నువ్వే. కానీ చెప్పింది నేను గదా" అన్నారావిడ.

సునీత అందుకుంది. "చాల్లేమ్మా, ఇంకా ఆయన్ని వెనకేసుకు రాకు."

యజమాని గురించి

ప్రసాదరావు గారు చెడ్డ మనిషి అని రాస్తే నాకు సులభంగా ఉంటుంది. కాదు. ఆ సాయంత్రమే ఆసుపత్రికి వచ్చారు, పండ్లు తెచ్చారు, డాక్టరుతో మాట్లాడారు. బయట మెట్ల మీద మాత్రం నాతో ఇలా అన్నారు.

"ఆవిడ మానేస్తే మనదా తప్పు? డాక్టరు సలహాతో వాడమని వేశాం గదా."

"ఎక్కడ వేశాం సార్?"

"కరపత్రంలో, కింద."

"మైకులో కింద ఉండదు కదా సార్."

ఆయన, "ఇన్నేళ్లూ మైకు రాసింది నువ్వేగా ఇంజినీరూ" అన్నారు.

నిజమే. కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పదలచింది ఇదే. యజమాని అడగనిది నేను ఎక్కువ చేసి పెట్టాను. కంపెనీ వాళ్లు ఒక ఆడమనిషి గొంతు అడిగారు, అంతే. మందిరాన్ని లోపలికి తెచ్చింది తెలివైన ఉద్యోగి. మీరూ తెలివైనవాళ్లే అయి ఉంటారు. జనం ఏ మాటను అనుమానించరో వెతికి పట్టుకునే తెలివి మీకు త్వరగానే వస్తుంది. అది వచ్చిన రోజు భయపడండి.

ఆవిడ అడిగింది

మూడో రోజు డాక్టర్లు రెండు వేళ్లు తీసేశారు. కాలు ఉంచారు. పుండు మానేదాకా కాలు మిగిలినట్టు కాదని, మాత్రలతో పాటు ఇన్సులిన్ కూడా కావాలని చెప్పారు.

ఆపరేషన్ అయిన మర్నాడు మార్తమ్మ గారు ఇన్సులిన్ వద్దన్నారు. సునీత ఏడ్చింది, నర్సు కేకలేసింది. ఆవిడ నన్ను పిలిపించారు.

"సూది పొడిపించుకుంటాను బాబూ. ముందు ఆటోల్లో నా గొంతు ఆపించు. అది అక్కడ మాత్రలు మానేశానంటంటే నేనిక్కడ సూదులు పొడిపించుకోవడమేంటి? ఏది నిజం?"

"అది ఆగడానికి రోజులు పట్టుద్దమ్మా. సూది ఈ పూటే వెయ్యాలి."

"మరి మందిరంలో నా ముఖం ఎట్టా చూపించను?"

"నేనొస్తాను. అది రాసింది నేనని లేచి చెబుతాను. ఈ పూట సూది వేయించుకోండి. ఆటోలు నేను చూసుకుంటాను."

"నువ్వు మా మందిరంలో చెప్పావంటే అది యాడ్ కాదు, తెల్సుగా?" అన్నారావిడ. తెలుసన్నాను. అప్పుడు చెయ్యి చాపారు.

ఉద్యోగం ఆ మధ్యాహ్నమే మానేశాను. ఆటోల జాబితా నా దగ్గరే ఉంది. గుణదల, పటమట, ఇబ్రహీంపట్నం, మైలవరం, కంకిపాడు తిరిగాను. కొందరు అడగగానే తీసిచ్చారు. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక డ్రైవరు ఇవ్వనన్నాడు.

"బాగుంటదండీ ఆ ఆంటీ గొంతు. జనం ఆగి వింటారు. మా అమ్మ కూడా ఆ పొడే తాగుతంది."

"మీ అమ్మగారు మాత్రలు మానేశారా?"

"మానేసింది. ఆంటీ మానేసిందిగా."

రోడ్డు పక్కన నిలబడి అతనికి మొత్తం చెప్పాను. వేళ్ల సంగతి చెప్పేసరికి పెన్‌డ్రైవ్ పీకి నా చేతిలో పెట్టి, ఆటో తిప్పుకుని ఇంటి వైపు వెళ్లిపోయాడు. స్పీకర్లు ఊగుతూ పోయాయి.

నాలుగు వారాలకు మార్తమ్మ గారు చేతికర్రతో మందిరానికి వచ్చారు. పుండు మానుతోంది. లేచి నిలబడి, తాను ఆటోలో చెప్పింది అబద్ధమని, దాన్ని నిజం చేయబోయి రెండు వేళ్లు పోగొట్టుకున్నానని చెప్పారు. తర్వాత నేను లేచాను. అంతమంది ముందు మాట్లాడటం నాకు అదే మొదటిసారి. రాసింది నేనని చెప్పాను. అలా చెప్పమన్నదీ నేనని చెప్పాను. కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

ఆడవాళ్ల వైపు వెనక వరసలోంచి ఒకావిడ అడిగింది. "మరి మొన్న బుధవారం మైలవరం బస్టాండు కాడ నేను విన్నానే మార్తమ్మా? నీ గొంతే. మానేశాననే చెబుతున్నావు."

అందరూ నా వైపు చూశారు.

మేము ఆటోలకు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లు పద్నాలుగు. ఈ రోజు వరకు నాకు తిరిగి దొరికినవి పదకొండు.